అనంతపురంలో 1972 ఫియట్ 124 స్పైడర్ అమ్మాలి. ఎంత అడగాలి, ఎట్లా అమ్మాలి?

మిల్లుఅబ్బాయి (అనంతపురం):

పాత బండ్లు తెలిసిన అన్నలు ఎవరైనా ఉంటే కాస్త సలహా చెప్పండి. మా నాయన దగ్గర 1972 మోడల్ ఫియట్ 124 స్పోర్ట్ స్పైడర్ ఉంది. రెండు డోర్లు, టాప్ వెనక్కి మడిచేసే బండి, 1608 సీసీ ట్విన్ క్యామ్ ఇంజిన్, రెండు వెబర్ కార్బ్యురేటర్లు, అయిదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, స్టీరింగ్ ఎడమ పక్క. ఢిల్లీలో ఏదో ఎంబసీలో పనిచేసిన ఒకాయన దేశం వదిలి పోతూ అప్పజెప్పిన బండి, కేంద్ర ప్రభుత్వ సంస్థ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ (ఎస్‌టీసీ) ద్వారా 1979లో నాయన చేతికి వచ్చింది. అప్పట్లో మా వేరుశనగ నూనె మిల్లు బాగా నడిచేది. అంబాసిడర్, ప్రీమియర్ తప్ప మూడో కారు కనపడని ఊర్లో ఎర్ర రంగు ఓపెన్ బండేసుకుని క్లాక్ టవర్ చుట్టూ తిరిగితే ఎట్లుంటుందో ఊహించుకోండి. మా అవ్వ మాత్రం "ఇంత డబ్బు పోసి కప్పు లేని కారు కొంటారా ఎవరన్నా" అని చాలా రోజులు మాట్లాడలేదంట.

ఇప్పుడు నాయనకు మోకాళ్లు సహకరించడం లేదు, క్లచ్ తొక్కలేడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, మా అపార్ట్‌మెంట్లో ఒక్క పార్కింగే, అందులో నా బండే సగం బయటికి ఉంటుంది. నాయనే అన్నాడు, "నేనుండంగానే మంచోని చేతిలో పెడదాం, నా తర్వాత నువ్వు దీన్ని తుక్కోనికి వేస్తావు" అని. వేయను గానీ ఆయన భయం ఆయనది.

కండిషన్ ఉన్నది ఉన్నట్టు చెప్తా. ఎప్పుడూ షెడ్డులోనే ఉంది, వారం వారం స్టార్ట్ చేసి నాయన ధర్మవరం రోడ్డు మీద కొంత దూరం పోయి వచ్చేవాడు, ఇప్పుడు స్టార్ట్ చేసి ఆపేస్తాడు. ఇంజిన్, గేర్‌బాక్స్ బండితో వచ్చినవే. రంగు ఒకసారి వేయించాడు, అదే ఎరుపు. సీట్ల రెక్సిన్ మార్చినాం. టాప్ వెనక ఉండే ప్లాస్టిక్ అద్దం మాత్రం పసుపు పచ్చగా మారిపోయింది, అందులోంచి లారీ వచ్చినా తెలియదు. డ్యాష్‌బోర్డు చెక్క మీద వార్నిష్ పొరలు పొరలుగా లేస్తోంది. మీటర్లన్నీ పనిచేస్తాయి, గడియారం తప్ప.

బెంగళూరు బ్రోకర్ ఒకతను ఫొటోలు చూసి ఏడు లక్షలు అన్నాడు. ఇంకొకతను స్టీరింగ్ కుడి పక్కకు మార్పించి మంచి పెయింట్ కొట్టిస్తే ఇరవై పైనే వస్తుంది, ఆ పని నేనే చేయిస్తా అంటున్నాడు. మా బావమరిది ఏమో "ఇటలీ స్పోర్ట్స్ కారు బావా, అర కోటికి తగ్గొద్దు" అని కూర్చున్నాడు. వింటేజ్ రిజిస్ట్రేషన్ అని ఒకటి ఉందట, అది చేయించి అమ్మాలా, ఉన్నది ఉన్నట్టు అమ్మాలా? ఏది నమ్మాలో తెలియక అడుగుతున్నా.


పాతబండి_కడప:

ముందు మీ బావమరిదికి ఒక మాట. ఇటలీ బండి అనగానే అందరికీ ఫెరారీ కళ్ల ముందు ఆడుతుంది, అందుకే అర కోటి. 124 స్పైడర్ ఆ జాతి కాదు. 1966లో ట్యూరిన్ మోటార్ షోలో చూపించారు, 1985 దాకా తయారైంది, మొత్తం రెండు లక్షలకు దగ్గరగా చేశారు, అందులో ఎక్కువ భాగం అమెరికాకే పోయింది. అంటే ప్రపంచంలో ఇది దొరకని బండి కాదు, అక్కడ మామూలు జీతగాళ్లు కూడా వారాంతాల కోసం కొనుక్కునేది. మన దేశంలో మాత్రం చాలా అరుదు, ఆ అరుదుకే ఇక్కడ ధర. కాబట్టి అమెరికా ధర చూసి డాలర్లను రూపాయల్లోకి మార్చుకోవడం పనికిరాదు, పక్క రాష్ట్రంలో ఎవరో పాత మెర్సిడెస్‌ను ఎంతకో అమ్మారని దాన్ని పట్టుకోవడమూ పనికిరాదు.

అయినా తక్కువ బండేమీ కాదు. బాడీ గీసింది పినిన్‌ఫరీనాలో పనిచేసిన టామ్ జార్డా, బాడీ తయారైంది కూడా పినిన్‌ఫరీనా దగ్గరే. ఇంజిన్ అంతకుముందు ఫెరారీకి ఇంజిన్లు చేసిన ఆరేలియో లాంప్రెడి చేతి పని. ఆ ట్విన్ క్యామ్ వంశమే తర్వాత ఫియట్ 131 అబార్త్, లాన్సియా డెల్టా దాకా ర్యాలీలు గెలుస్తూ పోయింది. మీ బండి పుట్టిన 1972లోనే ఈ స్పైడర్‌తో రఫాయెలే పింటో యూరోపియన్ ర్యాలీ ఛాంపియన్ అయ్యాడు. కొనేవాడికి ఇవన్నీ తెలిసే ఉంటాయి, మీకూ తెలుసని అతనికి తెలిస్తే బేరం వేరుగా నడుస్తుంది.

ఇక స్టీరింగ్ మార్చే ఆయన. ఆయన్ని గేటు దగ్గరే పంపించేయండి. ఫియట్ ఈ బండిని కుడి స్టీరింగ్‌తో ఎప్పుడూ తయారు చేయలేదు. మార్చాలంటే డ్యాష్‌బోర్డు కోయాలి, పెడల్స్ జరపాలి, ఇంజిన్‌కూ లోపలి సీట్లకూ మధ్య ఉండే రేకుకు (ఫైర్‌వాల్) కొత్త రంధ్రాలు పెట్టాలి, స్టీరింగ్ బాక్సు ఏదో ఒకటి అతికించాలి. అది చేసిన రోజే అసలైన కొనుగోలుదారులందరూ పోతారు, చివరికి మళ్లీ ఆ మార్చినాయనే "ఒరిజినల్ కాదు కదా" అని మీ దగ్గర ఆరుకు అడుగుతాడు. ఎడమ స్టీరింగ్ బండి నడపకూడదని చట్టంలో ఏమీ లేదు, మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం మలుపు తిరిగేటప్పుడు చూపించే సిగ్నల్ పరికరం పనిచేస్తూ ఉండాలి, అంతే. ఇండికేటర్లు వెలుగుతున్నాయా చూసుకోండి.

పెయింట్ కూడా ముట్టుకోవద్దు. అమ్మకానికి ముందు కొత్తగా మెరుస్తున్న పాత బండిని చూస్తే నాకైతే మొదట వచ్చే అనుమానం, ఈ రంగు కింద ఏం దాచారు అని. ధర చెప్పే ముందు ఒకటి అడుగుతా: కాగితాలు ఏమేమున్నాయి?


ట్విన్‌క్యామ్ మేస్త్రి (కర్నూలు):

పైన అన్న చెప్పింది కరెక్ట్. నేను మెకానిక్‌ని, కర్నూలులో బళ్లారి చౌరస్తా దగ్గర షెడ్డు. ఈ స్పైడర్ మీద చేయి పెట్టే అవకాశం నాకు ఒక్కసారే వచ్చింది, హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతా హైవే మీద ఆగిపోయిన బండి. అంతకు ముందు దాన్ని ఎవరో చూసి ఇది మన ప్రీమియర్ 118 ఎన్ఈకి అన్న లాంటిదే కదా అని దాని సామాన్లు తెచ్చి పెట్టాలని చూశారు. 118 ఎన్ఈ బాడీ ఫియట్ 124 సెడాన్ నుంచి వచ్చింది నిజమే, కానీ దానికి వేసింది నిస్సాన్ ఇంజిన్. ఆ ఇంజిన్ సామాను దీనికి ఒక్కటీ పట్టదు. పద్మిని మెకానిక్‌కు ఇచ్చినా అంతే, అది పుష్ రాడ్ ఇంజిన్, ఇది రెండు క్యామ్ షాఫ్టుల ఇంజిన్. ఫియట్ అనే పేరు ఒకటే.

నాయన చేతిలో అన్నేళ్లు నడిచిందంటే ఎవరో తెలిసినవాళ్లే చూసి ఉంటారు. ఇప్పుడు నేను అడిగేది, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారు? దీనికి చైన్ కాదు, రబ్బరు బెల్ట్. కిలోమీటర్లు తిరగలేదు కదా అనుకుంటారు అందరూ. రబ్బరుకు కిలోమీటర్లతో పని లేదు, ఏళ్లు గడిస్తే అదే ఎండిపోతుంది, అందులోనూ మన సీమ ఎండల్లో. తెగితే వాల్వులు వంగే ప్రమాదం ఉంది. కొనేవాడు వచ్చి టెస్ట్ డ్రైవ్‌లో ఎక్సలేటర్ నొక్కినప్పుడు తెగిందనుకో, అమ్మకం సంగతి దేవుడెరుగు, సిలిండర్ హెడ్ ఊడదీయాల్సి వస్తుంది. గుర్తు లేకపోతే ఇప్పుడే మార్పించండి, దాంతో పాటు బెల్ట్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బేరింగ్ కూడా. అమ్మే ముందు డబ్బు పెట్టాల్సిన వాటిలో మొదటిది ఇదే.

రెండోది పెట్రోల్ పైపులు. ఇప్పుడు బంకుల్లో ఈ20 పెట్రోలు, అయిదో వంతు ఇథనాల్. 1972 నాటి రబ్బరుకు అది పడదు, మెత్తబడి చెమ్మ పడుతుంది, కార్బ్యురేటర్ గ్యాస్కెట్లు, డయాఫ్రాలు కూడా దెబ్బతింటాయి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బానెట్ ఎత్తి ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా పైపును చేత్తో నొక్కుకుంటా పోండి, ఎక్కడన్నా జిగురుగా తగిలినా, వంచితే వెంట్రుక వాసి పగుళ్లు కనపడినా మార్చేయాల్సిందే. పెద్ద ఖర్చు కాదు.

ట్యాపెట్లు శబ్దం చేస్తున్నాయని ఎవరన్నా ధర తగ్గించబోతే భయపడకండి. ఈ ఇంజిన్‌లో ట్యాపెట్ గ్యాప్ షిమ్ములతో సరిచేస్తారు, గుండ్రటి చిన్న ఉక్కు బిళ్లలు, క్యామ్ షాఫ్ట్ విప్పకుండానే దాని కింద గిన్నెలా ఉండే బకెట్‌ను కిందికి నొక్కి పెట్టి బిళ్ల తీసి కావలసిన మందం బిళ్ల వేస్తారు. ఆ కాలానికి అది చాలా తెలివైన ఏర్పాటు. ఓపిక ఉన్నవాడికి ఒక పూట పని.

తుప్పు సంగతి మాత్రం నేను వచ్చి చూస్తే గానీ చెప్పలేను. ఈ బండిని ప్రపంచమంతా చంపింది తుప్పే, ఇంజిన్ కాదు. ముందు షాక్ అబ్జార్బర్ల పైన బానెట్ లోపల ఉండే బురుజులు, డోర్ల కింద సిల్స్, కాళ్ల కింద ఫ్లోర్, వెనక డిక్కీలో స్టెప్నీ కింద. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి బాడీ మీద పాకించు. పట్టు వదిలిన చోట పుట్టీ ఉన్నట్టు. కార్పెట్ ఎత్తి చూసి ఫొటో పెట్టు అన్నా.


మిల్లుఅబ్బాయి (అనంతపురం):

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మా తమ్ముడు ఊర్లోనే ఉన్నాడు, కార్పెట్ ఎత్తి చూశాడు. ఫ్లోర్ మీద కంపెనీ రంగు ఇంకా ఉంది. అయస్కాంతం కుడి వెనక మడ్‌గార్డ్ దగ్గర ఒక్కచోట జారింది. నాయనను అడిగితే నవ్వి, "అది తాడిపత్రి బస్సు" అన్నాడు. ఎప్పుడో తగిలించాడంట, టింకరింగ్ చేసి పుట్టీ పెట్టించారు. స్టెప్నీ గుంతలో పైపైన తుప్పు, గోరుతో గీకితే పొడి రాలుతుంది గానీ రేకు గట్టిగానే ఉంది.

కాగితాలు: ఆర్సీ నాయన పేరు మీదే, ప్రతి అయిదేళ్లకు రెన్యువల్ చేయించాడు, ఇప్పుడూ నడుస్తోంది. స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ఇచ్చిన డెలివరీ కాగితం, డబ్బు కట్టిన రసీదు ఉన్నాయి. కస్టమ్స్‌ది ఒక కాగితం ఉంది, మడతల దగ్గర చిరిగింది. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమే.

బెల్ట్ గురించి అడిగితే నాయన లోపలికి పోయి మిల్లు పద్దు పుస్తకాలు తెచ్చాడు. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నా గానీ అందులో ఏముందో ఎప్పుడూ తెరిచి చూడలేదు. ముందు పేజీల్లో కాయలు, నూనె, చెక్క, హమాలీ. వెనక నుంచి తిప్పితే కారు పద్దు. తేదీ, మీటరు రీడింగ్, ఏం మార్చారు, ఎక్కడ కొన్నారు, ఎంతయ్యింది. "ఆయిలు 4 లీ., ఫిల్టరు బొంబాయి నుంచి, ప్లగ్గులు 4 శుభ్రం చేసి మళ్లీ వేసినాము" ఇట్లా. ఒక పేజీలో ఏ సిలిండర్‌కు ఎంత మందం షిమ్ము వేశారో కూడా పట్టిక గీసి ఉంది. బెల్ట్ ఆఖరుసారి మార్చింది 2011 అని తేలింది. అంటే మార్పించాలి.


పాతబండి_కడప:

ఆ పద్దు పుస్తకం ఎవరికీ ఇవ్వకు, బ్రోకర్‌కైతే చూపించను కూడా చూపించకు. పేజీలన్నీ వరసగా ఫొటోలు తీసి పెట్టుకో, అసలు పుస్తకం బండితో పాటు ఆఖరి రూపాయి అందాకే చేతులు మారాలి. పాత బండి బేరంలో "బాగా చూసుకున్నాం" అని అందరూ అంటారు. 1979 నుంచి ప్రతి ఆయిల్ మార్పూ ఒకే చేతిరాతతో చూపించగలిగినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. మీటర్ తిప్పలేదని రుజువు అదే, ఇంజిన్ మారలేదని రుజువు అదే. నీ ఏడు లక్షల బ్రోకర్ ఫొటోల్లో ఎర్ర రంగు చూసి ధర చెప్పాడు, ఈ పుస్తకం, ఆ ఎస్‌టీసీ కాగితం చూస్తే ఆయనే మాట మారుస్తాడు.

కస్టమ్స్ కాగితం ఉండటం ఇంకా పెద్ద సంగతి. ఎక్కడెక్కడో విదేశీ బండ్లు తాత్కాలికంగా తిప్పుకోవడానికని కార్నె అనే సుంకం లేని పర్మిట్ మీద వచ్చి, తిరిగి పోకుండా ఇక్కడే షెడ్లలో ఉండిపోయినవి ఉంటాయి. పుట్టపర్తి, ఆరోవిల్ లాంటి చోట్ల విదేశీయులు వదిలేసి పోయారనే కథలతో అమ్మకానికి వచ్చేవాటిని చూస్తుంటాం. సుంకం కట్టని బండి ఎంత అందంగా ఉన్నా దాన్ని కొన్నవాడి మెడకు అది గుదిబండే. నీది అట్లాంటిది కాదని చూపించే కాగితం అది. లామినేషన్ మాత్రం చేయించొద్దు, ప్లాస్టిక్ కవర్లో పెట్టు చాలు.

ఇంకో మాట, అనంతపురం అనే పేరును ప్రకటనలో పెద్దగా రాయి. రాష్ట్రంలోకెల్లా వాన తక్కువ పడే జిల్లా, మనం జీవితమంతా ఏడ్చేది దాని గురించే, ఈ ఒక్క విషయంలో అదే నీకు లాభం. బొంబాయిలోనో చెన్నైలోనో సముద్రపు గాలికి పెరిగిన ఇదే బండి ఫ్లోర్ ఇప్పటికి జల్లెడ అయ్యుండేది.


నంద్యాల_కాగితాలరావు:

ఇంజిన్ గురించి నాకు ఏమీ తెలియదు, ఆర్టీవో కాగితాలు మాత్రం తెలుసు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి అడిగారు. 2021 జులైలో కేంద్రం సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో చేర్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. (స్టీరింగ్ మార్చమన్న ఆయన మాట వినకపోవడానికి ఇదింకో కారణం.) కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. కొత్తగా తీసుకుంటే నంబర్‌లో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది, ముందే రిజిస్టర్ అయిన బండి అయితే పాత నంబర్ ఉంచుకోవచ్చు. మీ పాత మూడక్షరాల నంబర్ అంటే మోజు పడేవాళ్లుంటారు, దాన్ని పోగొట్టుకోవద్దు.

అయితే దానికో మెలిక. వింటేజ్‌గా రిజిస్టర్ అయితే ఎగ్జిబిషన్‌కో, వింటేజ్ ర్యాలీకో, రిపేరుకో, పెట్రోలుకో తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. కొనేవాడు ఆదివారం ఆదివారం నంది హిల్స్ పోదామనుకునే మనిషైతే అతనికి అది ఇబ్బంది. ఇప్పుడున్న మామూలు ఆర్సీ చెల్లుతున్నప్పుడు మీరు ముందే వింటేజ్‌కు మార్చి కొనేవాడి చేతులు కట్టేయడం ఎందుకు? అది అతని ఇష్టానికి వదిలేయండి. నా లెక్కలో ఉన్నది ఉన్నట్టు అమ్మడమే మేలు.

అసలు జాగ్రత్త ట్రాన్స్‌ఫర్ దగ్గర. ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, వేరే రాష్ట్రం అయితే ఫారం 28 ఎన్ఓసీ. అమ్మినవాడు ఆర్టీవోకు తెలియజేయడానికి అదే రాష్ట్రంలో అయితే 14 రోజులు, బయట రాష్ట్రం అయితే 45 రోజులు గడువు. "సంతకాలు పెట్టి ఖాళీగా ఇచ్చేయండి, పేరు మేం ఎక్కించుకుంటాం" అనేవాళ్లు ఉంటారు చూడండి, ముఖ్యంగా బ్రోకర్లు, వాళ్లకు తమ పేరు మధ్యలో కనపడకుండా మూడో మనిషికి అమ్మాలని. ఒప్పుకోవద్దు. 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, బండి ఎంతమంది చేతులు మారినా ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాదానికి పరిహారం బాధ్యత వాళ్లదే అని. మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషిని రేపు ఎక్కడో రామనగరలో జరిగిన యాక్సిడెంట్‌కు ట్రిబ్యునల్ చుట్టూ తిప్పుకుంటారా?

డబ్బు బ్యాంకు ద్వారానే. ఒకే లావాదేవీకి రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడానికి ఆదాయపన్ను చట్టం ఒప్పదు, పెనాల్టీ తీసుకున్నవాడికే, అంటే మీకే. "సగం వైట్, సగం బ్లాక్" అనేవాడికి బండి చూపించడం కూడా దండగ. క్యూఆర్ కోడ్ పంపి "స్కాన్ చేస్తే అడ్వాన్స్ మీకు పడుతుంది" అంటే అది దొంగ బేరం, స్కాన్ చేసి పిన్ కొడితే పోయేది మీ డబ్బే. పైగా ఆ మనిషి ఎప్పుడూ మిలిటరీలోనే ఉంటాడు, ఎప్పుడూ ట్రాన్స్‌ఫర్ మీదే ఉంటాడు.


సీమశీను:

అమ్మొద్దు బ్రో. ఇట్లాంటివి మళ్లీ దొరకవు. ఏడుస్తావు తర్వాత.


మిల్లుఅబ్బాయి (అనంతపురం):

శీనన్నా, షెడ్డు నీది ఇస్తావా?


వీకెండ్ రైడర్ (బెంగళూరు, సొంతూరు గుత్తి):

నేను కొనే వైపు మనిషిని, ముందే చెప్పేస్తున్నా, బండి మీద కన్నుంది. అయినా నిజాయితీగానే రాస్తున్నా.

ధర గురించి ఎవరూ అంకె చెప్పడం లేదు కాబట్టి నేనే చెప్తా. ఏడు లక్షలు అన్యాయం. అర కోటి జోకు. పద్దు పుస్తకం, కస్టమ్స్ కాగితం, పని చేస్తున్న ఒరిజినల్ ఇంజిన్, గట్టి ఫ్లోర్, ఇవన్నీ నిజమైతే పద్నాలుగు నుంచి పదిహేడు మధ్య నేను మాట్లాడటానికి సిద్ధం. టాప్ ప్లాస్టిక్, చెక్క, రబ్బర్లు బయటి నుంచి తెప్పించుకోవాలి. అమెరికాలో ఈ బండి సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి, కానీ షిప్పింగ్, సుంకం కలిపితే సామాను ఖరీదు కంటే అవే ఎక్కువయ్యేలా ఉంటాయి. కర్ణాటకకు తెచ్చుకుంటే ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ గొడవ నాకుంది. అవన్నీ లెక్కేసుకునే ఈ అంకె చెప్తున్నా.

కాగితాలరావు గారితో ఒక్క చోట నాకు పేచీ ఉంది. 50 ఏళ్లు అన్నారు, ఏ తేదీ నుంచి? బండి 1972ది, విదేశంలో అప్పుడే ఎవరి పేరునో ఎక్కి ఉంటుంది, మన దగ్గర ఆర్సీ 1979. ఇక్కడి తేదీ పట్టుకుంటే ఇంకా 2029 దాకా ఆగాలి. నాకు తర్వాత వింటేజ్ చేయించుకోవాలని ఉంది, అందుకే అడుగుతున్నా.


నంద్యాల_కాగితాలరావు:

మంచి ప్రశ్న. రూల్‌లో మొదటి అమ్మకం తర్వాత జరిగిన మొదటి రిజిస్ట్రేషన్ నుంచి అని ఉంది, దిగుమతి బండ్లను కూడా అందులో కలిపి రాశారు. కాబట్టి విదేశీ రిజిస్ట్రేషన్ తేదీని వాదించవచ్చు అని నా అభిప్రాయం, కానీ ఆ తేదీకి కాగితం ఉండాలి. కస్టమ్స్ కాగితంలో తయారీ సంవత్సరం, మొదటి రిజిస్ట్రేషన్ రాసి ఉన్నాయేమో ఆ చిరిగిన మడత దగ్గర జాగ్రత్తగా చూడండి. రాష్ట్రంలో దీనికో కమిటీ చూసి నిర్ణయిస్తుంది, అమ్మేవాడు దీనికి హామీ ఇవ్వకూడదు, కొనేవాడు అడగనూ కూడదు.


ట్విన్‌క్యామ్ మేస్త్రి (కర్నూలు):

టెస్ట్ డ్రైవ్ గురించి ఒక్క మాట. ఎడమ స్టీరింగ్ అలవాటు లేని మనిషికి తాళం ఇచ్చి హైవే ఎక్కించొద్దు. లారీ వెనక ఉన్నప్పుడు డ్రైవర్‌కు ఎదుటి నుంచి వచ్చేది కనపడదు, ఓవర్‌టేక్ చేయాలంటే కుడి సీట్లో కూర్చున్న మనిషి చెప్పాల్సిందే. ముందు ఇంటివాళ్లు నడపాలి, కొనేవాడు పక్కన కూర్చోవాలి, తర్వాత ఖాళీ రోడ్డు చూసి మార్చుకోండి.


మిల్లుఅబ్బాయి (అనంతపురం):

ఆ పని మా ఇంట్లో అమ్మది అన్నా. కుడి సీట్లో కూర్చుని "ఊ, రావచ్చు", "ఆగు, బస్సొస్తాంది" అని చెప్పేది. అమ్మ లేకుండా నాయన ఎప్పుడూ ఊరు దాటలేదు, మేం అది ప్రేమ అనుకునేవాళ్లం.

బెల్ట్, టెన్షనర్, పెట్రోలు పైపులు మార్పించాం, బిల్లు పద్దు పుస్తకంలో నాయనే రాశాడు. కస్టమ్స్ కాగితంలో తయారీ 1972 అని స్పష్టంగా ఉంది, విదేశీ రిజిస్ట్రేషన్ గురించి ఏమీ లేదు. ప్రకటన ఇట్లా రాశా, చూసి చెప్పండి:

"1972 ఫియట్ 124 స్పోర్ట్ స్పైడర్, 1608 సీసీ, ఎడమ స్టీరింగ్, ఎరుపు. సింగిల్ ఓనర్. 1979 నుంచి అనంతపురంలోనే, షెడ్డులో. ఒరిజినల్ ఇంజిన్, గేర్‌బాక్స్. ఆర్సీ చెల్లుబాటులో ఉంది. ఎస్‌టీసీ, కస్టమ్స్ కాగితాలు, పూర్తి సర్వీసు పద్దు ఉన్నాయి. ఒకసారి రంగు వేశారు, కుడి వెనక మడ్‌గార్డ్‌లో పుట్టీ ఉంది, స్టెప్నీ గుంతలో పైపై తుప్పు, టాప్ వెనక ప్లాస్టిక్ మార్చాలి, గడియారం తిరగదు. టైమింగ్ బెల్ట్ కొత్తది. ధర 17 లక్షలు, కొంచెం తగ్గించగలం. పేరు మార్పిడి ఆర్టీవోలో పూర్తయ్యాకే బండి అప్పగింత. బ్రోకర్లు ఫోన్ చేయొద్దు."


పాతబండి_కడప:

అంతా బాగుంది, "సింగిల్ ఓనర్" తీసేయ్. ఎంబసీ ఆయన మొదటివాడు, మీ నాయన రెండో ఓనర్, కస్టమ్స్ కాగితం చూడగానే తెలిసిపోతుంది, అనవసరంగా ఆ ఒక్క మాటతో మిగతావన్నీ అనుమానం చేసుకుంటారు. "1979 నుంచి ఒక్కరే ఓనర్" అని రాయి. "కొంచెం తగ్గించగలం" కూడా కొట్టెయ్, అది రాసినా రాయకపోయినా అడుగుతారు.


వీకెండ్ రైడర్ (బెంగళూరు, సొంతూరు గుత్తి):

ప్రకటన బయట పెట్టే ముందు నాకు ఈ ఆదివారం ఒక్కరోజు ఇవ్వండి. తెల్లవారుజామునే బయల్దేరి ఎనిమిదికల్లా అక్కడుంటా. ఒకే ఒక షరతు, నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. చల్లగా ఉన్నప్పుడు చోక్ మీద ఎట్లా అందుకుంటుందో, సైలెన్సర్ నుంచి మొదట ఏ రంగు పొగ వస్తుందో చూడాలి. బానెట్ మీద చేయి పెడితే వేడిగా తగిలిందంటే టీ తాగి వెనక్కి వచ్చేస్తా, తప్పుగా అనుకోవద్దు.


మిల్లుఅబ్బాయి (అనంతపురం):

సరే అన్నా, రండి. సింగిల్ ఓనర్ తీసేశాను. నేను శనివారం రాత్రికి ఊరికి వస్తా. నాయనకు ఆదివారం పొద్దున్నే లేచి బండి స్టార్ట్ చేసే అలవాటు, చెప్పినా వినడు, అందుకని తాళం నా దగ్గరే పెట్టుకుంటా. టిఫిన్ మా ఇంట్లోనే చేయాలి, అమ్మ ఉగ్గాని బజ్జీ చేస్తానంది.